ఫలము తెలియని నాటి నిలకడ

2025వ సంవత్సరము జనవరి 7వ తేదీన బస్తరు జిల్లాలోని దర్భా ప్రాంతమున, ఛింద్‌వాడా గ్రామవాసియైన ఒక క్రైస్తవ బోధకుడు మరణించినాడు. మాహరా కులమునకు చెందిన ఆ కుటుంబము తరతరములుగా ఆ వూరనే నివసించుచున్నది. తమ పూర్వులను పూడ్చిన ఊరి శ్మశానముననే ఆయనను కూడ పూడ్చవలెనని కుటుంబమువారు తలచిరి. గ్రామస్థులు అడ్డగించిరి. సొంత పొలమున పూడ్చుకొందుమనినను వారంగీకరింపలేదు. కళేబరము జగదల్‌పూరు ఆసుపత్రి శవాగారమునకు చేరినది. కుమారుడు ఉన్నతన్యాయస్థానమున మొఱపెట్టుకొనగా, క్రైస్తవులకు వేఱొకచోట శ్మశానము కలదనియు, గ్రామమున అశాంతి కలుగుననియు కారణము చెప్పి ఆ న్యాయస్థానము అభ్యర్థనను త్రోసిపుచ్చినది. వ్యవహారము సుప్రీముకోర్టునకు పోయినది. జనవరి 27వ తేదీన ఇరువురు న్యాయమూర్తులు రెండు విధములుగా తీర్పు చెప్పిరి. సొంత పొలమున పూడ్చుకొనుటకు అనుమతింపవలెనని న్యాయమూర్తి నాగరత్నగారు అభిప్రాయపడిరి. క్రైస్తవులకు ప్రత్యేకించిన స్థలముననే పూడ్చవలెనని న్యాయమూర్తి సతీశ్ చంద్ర శర్మగారు నిర్ణయించిరి. అప్పటికే ఇరువది దినములుగా శవాగారమున పడియున్న కళేబరమును ఇంకను నిలుపుట తగదని, విస్తృత ధర్మాసనమునకు నివేదింపక, రాజ్యాంగపు 142వ అధికరణము ననుసరించి, ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న కర్కాపాల్ శ్మశానమున ఖననము చేయుటకు ఇరువురును కలిసి ఆదేశించిరి.

ఈ వార్త చదివిన తెలుగు సాహిత్యాభిమానికి జాషువ శ్మశానపద్యములు తప్పక స్ఫురించును. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్యహరిశ్చంద్ర’ నాటకములోని కాటిసీనులో నటులు ఆ పద్యములను చేర్చుకొని పాడగా, అక్షరము రానివారికి కూడ అవి కంఠస్థములైనవి. కవి కలము, రాజు ముద్రిక, నవవధువు సౌభాగ్యము అన్నియు ఒకే మట్టిలో కలియుననియు, అంటరానితనము ఆ యెల్ల దాటి రాజాలదనియు ఆ పద్యముల సారము. బస్తరులో అదే యెల్లకడ మనుజుని నిలిపివేసిరి. అట్లయిన ఆ పద్యములు అబద్ధమాడినవా? ఈ ప్రశ్న కేవలము ఒక కవిని గూర్చినది కాదు. కష్టకాలమున విశ్వాసమును విడువక నిలిచిన మనుజుని సాహిత్యమెట్లు చిత్రింపవలెను, తెలుగులో ఎట్లు చిత్రించినది అన్నదే అసలు ప్రశ్న.

బస్తరు తెలుగువారికి పరాయిదేశము కాదు. కాకతీయవంశజుడైన అన్నమదేవుడు అచ్చటికేగి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము. శబరినది కొంతదూరము ఎల్లగా ప్రవహించి కూనవరముకడ గోదావరిలో కలియుచున్నది. కోంటా ప్రాంతపు దోర్లల నోట తెలుగు మాటలు వినబడును. 19వ శతాబ్ది చివరి దశాబ్దమున మెథడిస్టు మిషను జగదల్‌పూరునకు చేరినది. ఆ పట్టణమున ఎఱ్ఱ దేవాలయమని జనులు పిలుచుకొను ప్రార్థనామందిరము చందయ్య పేర వెలసియున్నది. ఆ పేరు వినినంతనే తెలుగువాడు దానిని తనదిగా గుర్తించును. కనుక అచ్చటి క్రైస్తవుల నిలకడను గూర్చి తెలుగు విమర్శకుడు ఆలోచించుట పొరుగింటి మాటలో తలదూర్చుట కానేరదు.

‘నిలకడ’ యను మాటను ఇచ్చట బుద్ధిపూర్వకముగనే వాడవలసియున్నది. ‘ఓర్పు’ అన్నచో దెబ్బను మౌనముగా సహించుట స్ఫురించును. ‘విజయము’ అన్నచో ఫలము చేతికందినట్లగును. నిలకడ ఈ రెంటికి నడుమనున్నది. ఫలము వచ్చునో రాదో తెలియకయే, మొఱపెట్టుచునే, ఉన్నచోటినుండి కదలకుండుట నిలకడ. తెలుగు క్రైస్తవుల చరిత్రలో దీనికి గొప్ప నిదర్శనములు కలవు. ఐనను ఆ చరిత్రను చెప్పిన తీరులోనే ఒక లోపమున్నది.

అమెరికను బాప్తిస్టుల తెలుగు మిషను వృత్తాంతమును చూడుడు. శామ్యూలు డే 1836లో తెలుగువారి మధ్య పనికి వచ్చినాడు. 1840లో నెల్లూరు కేంద్రమైనది. ఏండ్లు గడచినను సంఘమున చేరినవారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. ఈ పనిని మూసివేయవలెనన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చినది. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో, పటముపై ఒంటిగా కనిపించుచున్న ఆ మిషనును ఒక వక్త ‘ఒంటి నక్షత్ర’ మనెను, ఎస్. ఎఫ్. స్మిత్ ఆ మాటను పట్టుకొని ఆ రాత్రియే ఒక గేయము వ్రాసెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూవెట్ దంపతులు, వారితోకూడ ముగ్గురు దేశీయ విశ్వాసులు ఒంగోలు కొండపై నిలిచి ప్రార్థించిరి. ఆ తరువాత క్లౌ వచ్చెను. 1876–78 సంవత్సరముల కరవు వచ్చెను. క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టునకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూడుకొరకు మతములో చేరుదురేమోనని ఆ కాలమంతయు బాప్తిస్మములను ఆపివేసెను. 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ కథను మిషనరీలు, తరువాతి గ్రంథకర్తలు అనేకమారులు చెప్పిరి. ప్రతిమారును కథకుడు 1878లో నిలుచుండి 1854ను చూచును. కొండపై నిలిచిన ఆ ఐదుగురి చలి, భయము, సందేహము అన్నియు రాబోవు సంఖ్యలకు పీఠికగా మారిపోవును. కాని ఆ ఉదయము కొండ దిగివచ్చునపుడు వారికి 1878 తెలియదు. తెలిసియున్నచో దానిని నిలకడ యనుట చెల్లదు. అది వడ్డీతో వచ్చు పెట్టుబడి యగును. చరిత్రకారునకు ఫలమును చెప్పక తప్పదు. కవికి ఆ విధి లేదు. కవి చేయదగిన పని ఆ కొండపై ఆ ఐదుగురితో, వారికి తెలిసినంత మాత్రమే తెలిసి, నిలుచుట. తెలుగు క్రైస్తవ గద్యములో ఈ పని చేసిన రచనలు అరుదు. పద్యములోను పాటలోను ఏమి జరిగినదో పరిశీలింపవలసియున్నది.

పాటను గూర్చి చెప్పునపుడు భద్రాచలమునుండి ఆరంభించుట న్యాయము. బస్తరు అడవులకు పొరుగుననే ఉన్న ఆ క్షేత్రమునకై గోలకొండ చెఱసాలలో మ్రగ్గిన రామదాసు తన దైవముతో కలహించినాడు. చేయించిన నగలను లెక్కచెప్పి, ఆ సొమ్ము ఎవరి యబ్బ సొమ్మన్నట్లు నిలదీసి, మరుక్షణమున దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని క్షమాపణ వేడినాడు. ఆ కలహమును వినిన తెలుగువాడెవడును రామదాసుని భక్తిహీనుడనలేదు. దైవమును నిలదీయు అధికారము భక్తునికి కలదని మన కీర్తనసంప్రదాయము ఏనాడో అంగీకరించినది.

హెబ్రీయుల ప్రార్థనాసంప్రదాయమును ఇట్టిదే. బైబిలులోని కీర్తనల గ్రంథమున మొఱలకే పెద్దపాలు దక్కినది. వానిలో అధికభాగము చివరకు స్తుతివైపు మఱలినను, 88వ కీర్తన మాత్రము మఱలదు. చీకటిలో మొదలిడి చీకటిలోనే ముగియును. దానిని సంకలనకర్తలు తొలగింపలేదు. యోబు గ్రంథము ఇంకొక మెట్టు పైకెక్కినది. యోబును ఓదార్చవచ్చిన స్నేహితులు దేవుని పక్షమున ఎన్నియో సత్యములవంటి మాటలు పలికిరి. చివరకు దేవుడు కోపించినది వారిమీదనే. దేవునితో వాదించిన యోబు సరిగా పలికినవాడని తీర్పు వచ్చినది. తొందరపాటు ఓదార్పు ఎంత ప్రమాదకరమో దీనికి మించి చెప్పిన గ్రంథము అరుదు.

ఈ రెండు సంప్రదాయముల సంగమస్థానమున నిలిచినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొందుటతో కులమునకు దూరమై, 1890 వఱకు జీవించిన ఈయన తెలుగు క్రైస్తవ కీర్తనకు ప్రాణప్రతిష్ఠ చేసినాడు. దొరలు తెచ్చిన స్వరములకు తెలుగు మాటలను అతికించుటతో తృప్తిపడక, పల్లవి, చరణములతో, రాగతాళములతో, యతిప్రాసల సొంపుతో, ఈ నేలపై పుట్టినదనిపించునట్లు కీర్తనలను రచించినాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథము తెఱచినచో నేటికిని కీర్తనపై రాగము, తాళము పేర్కొనబడియుండుట కాననగును. సంఘభేదములను దాటి తెలుగు క్రైస్తవులందఱు పాడుకొనుచున్న ఆ పాటలకు సాహిత్యచరిత్రలలో తగిన స్థానము దక్కకపోవుట మన విమర్శకు కొఱతయే.

కాని గౌరవముతోడనే ఒక భేదమును గుర్తింపవలెను. రామదాసు నేరము దైవముపై మోపినాడు. చౌదరి కీర్తనలలో నేరమంతయు పాడువాని హృదయముపైననే పడుచున్నది. పాపిని, అయోగ్యుడను, కరుణింపుమన్న దైన్యము అచ్చట ప్రధానము. ఈ దైన్యమునకు గంభీరత కలదు. దానిలో కపటము లేదు. ఐనను, ‘కులాచార పరీక్ష’ వ్రాసి కులమును తర్కమున ఎండగట్టిన ఈ మనీషి, తాను పొందిన వెలిని పాటలో దేవుని యెదుట ఫిర్యాదుగా పెట్టుట అరుదు. రామదాసు స్వరము వచ్చినది, కలహము రాలేదు. పిమ్మట సంఘమున కీర్తన స్థిరపడినకొలది ఈ లక్షణము బలపడినది. సామూహికగానమునకు ముగింపున ఊరట కావలెను. ఆదివారము ప్రార్థన ముగిసి జనులు ఇండ్లకు పోవలెను గదా! అందుచే శ్రమలను గూర్చిన పాట కూడ చివరి చరణమునకు పరలోకపు వాకిట నిలుచును. పాడువానికి అది బలమిచ్చును. కాని శవాగారము వెలుపల ఇరువది దినములు వేచియున్నవానికి చివరి చరణము చేరువలో లేదు. అతని స్థితికి తగిన పాట మన కీర్తనగ్రంథమున వెదకి పట్టుకొనవలసియున్నది.

ఆ ఫిర్యాదును పద్యమునకు తెచ్చినవాడు జాషువ. 1895లో వినుకొండలో పుట్టిన ఈయన బ్రదుకున రెండు వాకిళ్లు మూసికొనిపోయినవి. క్రైస్తవకుటుంబమున పుట్టి పురాణములు చదువుట, పద్యములు వ్రాయుట సంఘమువారికి కంటగింపైనది. పద్యము వినిన సభలు మెచ్చుకొన్నను, కులము తెలిసినంతనే మెప్పు ముడుచుకొనిపోయినది. ఇట్టివాడు వ్రాసిన శ్మశానపద్యములను తిరిగి పరిశీలించిన, వాని బలముతోపాటు బలహీనత కూడ కనబడును. మరణము అందఱిని సమముచేయునన్నది ప్రాచీన వైరాగ్యవస్తువే. దానికి జాషువ తెచ్చిన క్రొత్తదనము అంటరానితనపు ప్రసక్తి. కాని నాటకసభలో ఆ పద్యమునకు ‘వన్స్‌మోర్’ కొట్టిన ప్రేక్షకుడు మఱునాడు తిరిగిపోయినది కులమునకొక శ్మశానమున్న ఊరికే. పద్యము అతనిని కదిలించినది గాని కలవరపెట్టలేదు. సమత్వము చచ్చిన పిదప ఎట్లును వచ్చుననగా, బ్రదికియుండగా తొందరయేమి? ఆ పద్యములను లోకస్థితివర్ణనగా చదివినచో బస్తరు వానిని కొట్టివేయును. కోరికగా, అడుగుటకు తగిన హక్కుగా చదివినచో బస్తరే వానికి నేటి వ్యాఖ్యానమగును. మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానమిదియే: పద్యము అబద్ధమాడలేదు, దానిని నెరవేరిన మాటగా విని సంతసించిన సభ పొరబడినది.

1941 నాటి ‘గబ్బిలము’లో జాషువ ఈ బలహీనతను దాటినాడు. కాళిదాసు యక్షునికి మేఘము దొరకినది. తంజావూరి అరుంధతీసుతునికి దొరకినది తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలము. అతడు గుడిలోనికి పోరాదు, గబ్బిలము పోవచ్చును. అర్చకుడు లేని సమయము చూచి, శివుని చెవికి దగ్గఱగా వ్రేలాడుచు తన మొఱ వినిపింపుమని దానిని వేడుకొనును. ఇచ్చట అందఱు సములైన స్థలముయొక్క కల లేదు. తనను ఆపివేసిన వాకిలియే కలదు. ఆ వాకిలికడ నిలిచినవాడు మూడు పనులలో ఏదైన చేయవచ్చును: దేవుడే లేడని వెనుదిరుగవచ్చును, తాను అయోగ్యుడనని తలవంచవచ్చును, లేదా ఓదార్పు చెప్పుకొని ఇంటికి పోవచ్చును. అతడీ మూటిలో ఏదియు చేయడు. దేవుని చెవికి ఇంకొక దారి వెదకును. దేవునిపై నమ్మకమును మనుష్యులపై ఫిర్యాదును ఒకే ఊపిరిలో పలుకును. కావ్యబలమంతయు సందేశము పంపుటలోనున్నది. శివుడు వినునా, వినిన పలుకునా అన్నది తెలియకయే అతడు పంపుచున్నాడు. ఒంగోలు కొండపై ఐదుగురు నిలిచిన చోటు ఇదియే. చిత్రమేమనగా, తెలుగులో ఆ చోటిని కవిత్వమున నిలిపిన క్రైస్తవకవి దానిని శివుని పేరట నిలిపినాడు.

దీనిని బట్టి జాషువను క్రైస్తవ భక్తకవిగా నిలుప ప్రయత్నించుట సాహసమగును. ఆయన తనను విశ్వనరునిగా చెప్పుకొన్నవాడు. 1960లో ఆయన కుమార్తె హేమలత నాస్తికోద్యమనాయకుడు గోరాగారి కుమారుని వివాహమాడినది. ఆ తండ్రియే రచించిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికి, విశ్వాసమున నిలకడ యనునది మతసభ్యత్వపు పట్టికలో పేరు నిలుపుకొనుట మాత్రమే కాదని తోచును. చిన్ననాట సంఘము కోపించినను, పెద్దనాట సభలు అవమానించినను, ఆయన క్రీస్తుకథను విడువలేదు, వృత్తపద్యమును విడువలేదు. ఒకరు నీది కాదన్న పద్యములో, ఇంకొకరు నీకు తగదన్న కథను చెప్పి రెంటిని తనవిగా చేసికొన్నాడు. ‘గబ్బిలము’నకున్న తీవ్రత ‘క్రీస్తు చరిత్ర’కు లేదన్నచో పలువురు అంగీకరింతురు. ఫలము తెలిసిన కథ కావుట దానికొక కారణము కావచ్చును: సిలువ పిమ్మట పునరుత్థానము కలదని కవికిని పాఠకునికిని మొదటినుండి తెలియును. గబ్బిలమునకు అట్టి హామీ లేదు.

ఈ కొలతతో మఱల బస్తరును చూచినచో, అచ్చటినుండి రాదగిన సాహిత్యమెట్టిదో కొంత స్పష్టమగును. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల గ్రామములనుండి వందలకొలది ఆదివాసీ క్రైస్తవులు ఇండ్లు విడిచి వచ్చి, పలువురు నారాయణపూర్ క్రీడామందిరమున తలదాచుకొనిరి. వారి కథను చెప్పుటకు రెండు సుళువైన దారులు సిద్ధముగనున్నవి. ఒకటి హతసాక్షుల కథ: శ్రమ, స్థైర్యము, కడకు కిరీటము. రెండవది వార్తాకథ: దెబ్బలు, లెక్కలు, ఖండనలు. రెంటికిని ప్రయోజనము లేకపోలేదు. కాని రెండింటను మనుజుడు సాక్ష్యముగా మాఱిపోవును. అతని సందేహము కనబడదు. ప్రొద్దున ప్రార్థించి మధ్యాహ్నము తిరిగిపోవుదమా అనుకొన్నవాడు, బిడ్డ ఆకలికి విశ్వాసమునే నిందించుకొన్న తల్లి, మతము మార్చుకొనని అన్నకు మార్చుకొన్న తమ్మునిపై గల ప్రేమ — ఇవి ఆ రెండు కథలలో ఇముడవు. నిలకడకు విలువ వచ్చినది వీనివలననే. సందేహము లేనివాడు నిలుచుటలో వింత యేమున్నది?

అడ్డగించిన గ్రామస్థులను కూడ రాక్షసులుగా చిత్రించినచో ఆ సాహిత్యము చెడును. ఊరిదేవత, పితృదేవతల కొలుపు, శవసంస్కారము అన్నియు ఒకే అల్లికగానున్న సమాజమున, ఒక పోగు తెగినచో అల్లిక యంతయు విడిపోవునన్న భయము నిజమైనదే. గనులకు, రహదారులకు, తుపాకులకు నడుమ నలిగిన ఆ ప్రజలకు తమదని చెప్పుకొనుటకు మిగిలినది కొంతయే. ఆ భయమును ఎఱిగి చెప్పినంతమాత్రమున అన్యాయము న్యాయము కానేరదు. తండ్రి శవముతో నిలుచున్న కుమారుని దుఃఖము తగ్గదు. ఎఱిగి చెప్పినపుడే ఆ దుఃఖపు లోతు తెలియును. అడ్డగించినవారు అపరిచితులు కారు. ఆ మృతునితో ఒకే బావినీరు త్రాగినవారు. యోబును బాధించినది శత్రువులకంటె స్నేహితులే గదా!

ఆ సాహిత్యము తెలుగులో పుట్టవలెనని కోరుట అత్యాశ. అది హల్బీలో, గోండిలో, ధుర్వాలో, ఆ మాటలతో ఏడ్చి ప్రార్థించినవారి నోట పుట్టవలెను. తెలుగు రచయితలు చేయదగిన పనులు మాత్రము రెండు కలవు. తమ కీర్తనలను, పద్యములను ఈ దృష్టితో మఱల చదివి, ఎచ్చట మొఱ పూర్తి కాకమునుపే ఓదార్పు అడ్డువచ్చినదో గుర్తించుట ఒకటి. పొరుగున అట్టి మాట పుట్టిననాడు దానిని అనువదించునపుడు, చివర ఒక వెలుగు చరణమును సొంతముగా చేర్చకుండుట రెండవది. 88వ కీర్తనను ఉన్నదున్నట్లు నిలిపిన ఆ ప్రాచీన సంకలనకర్తలకు చీకటియందును దేవుడు వినుననుటయందు సందేహము లేకుండెను. అందుచేతనే వారు దానికి ముగింపు అతుకలేదు. విశ్వాసమును గూర్చి వ్రాయు ఏ మతపు రచయితకైనను, ఏ మతము లేని రచయితకైనను వారు నేర్పగల పాఠమిదియే.